పగిలిన చర్మము – పైపూత, లోపోషణ

పురానాపూల్ మీద కూరగాయలు కొన్నవారికి ఈ దృశ్యము పరిచితమే. అమ్మువారు నేలమీద గోనెపట్టా పరచుకొని కూర్చుందురు. కొనువారు నిలువబడి వంగి చూతురు. అట్లు వంగినపుడు ముందుగా కంటబడునవి టమాటాలు, వంకాయలు, నీళ్లు చల్లిన కొత్తిమీర కట్టలు. వానికి జానెడు దూరములో, పట్టా అంచున, అమ్మునామె పాదములు. కార్తికము దాటి చలి ముదిరినచో ఆ మడమల చుట్టును బీటలు. ఎండిన చెరువు అడుగువలె నెరియలు విచ్చి, ఒక్కొక్కదానిలో నెత్తుటి జీర.

ఏండ్ల క్రిందట ఒక చలికాలపు ఉదయమున మేము గోంగూర కొనబోయి అట్టి పాదములను చూచితిమి. వైద్యవృత్తిలో ఉన్నవారికి అలవాటైన ధోరణిలో, "ఏమమ్మా, కాళ్లకు ఏమియు రాయవా?" అని అడిగితిమి.

ఆమె నవ్వినది. "ఏం జేస్తం సారూ, చలికాలం వచ్చిందంటే గిట్లనే పలుగుతయి. మా అమ్మవి గూడ గిట్లనే పలిగేటియి. నొప్పి గూడ ఏం లేదు."

మేము ప్రక్క దుకాణములో ఒక వాసెలిన్ డబ్బి కొని ఆమె చేతిలో పెట్టి, రాత్రిపూట రాయుమని చెప్పి వచ్చితిమి. మంచిపని చేసితిమనుకొంటిమి. అది ఎంత అరకొర వైద్యమో తరువాత తెలిసినది. ఆ సంగతి చివర చెప్పెదము. ముందు చర్మము పగులుట యనగానేమో, ఎందుకు పగులునో చూతము.

దీనికి దృష్టాంతము వెదకుకొనుచు దూరము పోనక్కరలేదు. ఆమె కూర్చున్న వంతెనయే చాలును. పురానాపూలును 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున కట్టిరి. చార్మినారుకంటె అది పెద్దది. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదకు దెబ్బతిని, మరమ్మతు పొంది, నేటికిని నిలిచియున్నది. బండ్ల రాకపోకలు ప్రక్కనున్న క్రొత్త వంతెనకు మారిన పిమ్మట పాత వంతెన కూరగాయల అంగడి యైనది. రాళ్లను నిలిపినది రాయి కాదు, రాయికిని రాయికిని నడుమ నున్న సున్నము. ఆ సున్నము రాలిపోయినచో ఎంత గట్టి రాయియైనను కదలును. సందులలో నీరు దిగును, రావి మొలక లేచును.

మన చర్మపు పైపొరయు అట్టి కట్టడమే. అందులో చదునైన మృతకణములు రాళ్లవలె వరుస మీద వరుసగా పేర్చబడియుండును. వాని నడుమ సున్నముగా నుండునది క్రొవ్వు పదార్థము. సిరమైడులనబడు క్రొవ్వులు సుమారు సగము, కొలెస్టరాలు ఒక పాలు, తక్కినది క్రొవ్వు ఆమ్లములు. ఈ పూత చెక్కుచెదరక యున్నంతకాలము లోపలి తేమ బయటికి పోదు, బయటి ధూళియు సూక్ష్మజీవులును లోపలికి రావు. పూత పలుచబడినపుడు తేమ ఎగిరిపోవును. కణములు ఎండి ముడుచుకొని, వంగు గుణము పోయి, మడమవలె బరువు మోయు చోట పటుక్కున విచ్చును. అదియే పగులు.

కనుక చర్మము పగిలినవారిని అడుగవలసిన ప్రశ్నలు రెండు. ఈ సున్నము బయటనుండి కడుగుకొని పోవుచున్నదా? లేక లోపలనుండి రావలసినదే రాకున్నదా? మొదటి దానికి మందు స్నానపుగదిలో ఉన్నది, రెండవదానికి వంటయింటిలో. ఈ రెంటిని కలగాపులగము చేయుటచేతనే కొందరు చలిగాలికి పగిలిన చేతులకు విటమిను మాత్రలు మ్రింగుచున్నారు. మరికొందరు తిండి చాలక పగిలిన చర్మమునకు అత్తరు వాసనల క్రీములు పూయుచున్నారు.

మొదట లోపలి సంగతి. 1929లో అమెరికాలో బర్ దంపతులు ఎలుకలకు క్రొవ్వు బొత్తిగా లేని ఆహారము పెట్టి చూచిరి. పిండిపదార్థము, మాంసకృత్తులు, విటమినులు అన్నియు ఇచ్చిరి. అయినను ఎలుకల చర్మము పొలుసులు లేచినది, తోకలు పగిలినవి. తదుపరి లినోలియిక్ ఆమ్లమను ఒక నూనె పదార్థము ఇచ్చినంతనే కుదిరినవి. ఆ ఆమ్లమును మన శరీరము స్వయముగా తయారు చేసికొనలేదు, తిండితోనే రావలెను. చర్మపు సున్నములోని ముఖ్యమైన సిరమైడు ఒకటి దీనితోనే తయారగును.

ఇది ఎక్కడనో ఎలుకల కథ యని త్రోసివేయరాదు. దక్షిణ దేశపు పిల్లలలో మోచేతుల వెనుక, మోకాళ్లమీద, పిరుదులమీద చర్మము గరుకెక్కి, ముండ్ల వంటి చిన్న చిన్న మొటిమలు లేచుట వైద్యులు చిరకాలముగా చూచుచుండిరి. చేయి నిమిరిన కప్పవీపువలె తగులును. దానికి నికల్స్ అను వైద్యుడు 1933లో 'ఫ్రైనోడెర్మా' అని పేరుపెట్టెను, కప్పచర్మమని అర్థము. మొదట దీనిని 'ఏ' విటమిను లోపమనిరి. మన శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున వైద్యము చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి 1953లో సింక్లెయిరుతో కలిసి, ఎలుకలలో 'ఏ' విటమిను లోపము చేయు మార్పును, క్రొవ్వు ఆమ్లముల లోపము చేయు మార్పును వేరుపరచి పరీక్షించిరి. తరువాత 1960 దశకమున మన హైదరాబాదులోనే, తార్నాకలోని పోషకాహార పరిశోధనాలయమున, ఈ గరుకు చర్మము గలవారి నెత్తురులో లినోలియిక్ ఆమ్లము తక్కువగా నుండుటను, కుసుమనూనె వంటివి ఇచ్చినపుడు చర్మము నునుపెక్కుటను గమనించిరి. 'బి' విటమినులకును ఇందు పాలున్నదని తేలినది.

ఆ పరిశోధనాలయము 1918లో మెకారిసన్ దొర కూనూరులో ఒక చిన్న గదిలో ప్రారంభించినది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు. అది మన నగరమునకు వచ్చిన రెండేండ్లకే చర్మమునకు సంబంధించిన మరియొక గొప్ప చిక్కు దాని చేతికి దొరికినది. అది పెల్లాగ్రా.

పెల్లాగ్రా యనునది ఇటలీ భాషలో గరుకు చర్మము. ఎండ తగులు చోట్ల, అనగా చేతుల వెనుక, ముంజేతులపై, పాదములపై, మెడ చుట్టును చర్మము మొదట ఎఱ్ఱబారి, తరువాత నల్లబడి, ఎండి, పగిలి, పొరలు లేచును. మెడచుట్టు హారము వేసినట్లుండును. 18వ శతాబ్దమున దీనిని వర్ణించిన స్పెయిన్ వైద్యుని పేర దానిని కాసల్ హారమందురు. చర్మముతో ఆగదు. నోరు పూయును, విరేచనములు పట్టుకొనును, ముదిరినచో మతి చలించును, ప్రాణమే పోవచ్చును. అమెరికా దక్షిణ రాష్ట్రములలో మొక్కజొన్న తిని బ్రతుకు పేదలకు ఇది వేలకు వేలుగా వచ్చినపుడు అంటువ్యాధియని భయపడిరి. గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు 1915లో మిసిసిపీ జైలులోని ఖైదీలకు ఆ పేదల తిండినే పెట్టి, వ్యాధి పుట్టించి, ఇది అంటువ్యాధి కాదు, తిండి లోపమని నిరూపించెను. 1937లో నికోటినిక్ ఆమ్లము, అనగా నియాసిన్ విటమిను, దీనికి మందని తేలినది.

మరి మన దక్కనులో మొక్కజొన్న ముఖ్యాహారము కాదు గదా, జొన్న గదా! జొన్నలో నియాసిన్ మరీ తక్కువయు కాదు. అయినను తెలంగాణపు జొన్నరొట్టె తిను పేదలు ఈ వ్యాధితో నగరపు ఆసుపత్రులకు వచ్చుచుండిరి. డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో దీనికొక కారణము సూచించిరి. జొన్నలో ల్యూసిన్ అను అమైనో ఆమ్లము మెండు; అది శరీరము నియాసిన్‌ను తయారు చేసికొని వాడుకొను మార్గమునకు అడ్డుతగులునని వారి వాదము. ఈ సిద్ధాంతమును తరువాతి శాస్త్రజ్ఞులందరు ఒప్పుకొనలేదు. దానిపై చర్చ చాలకాలము సాగినది. కాని రోగులు మాత్రము వాదము కాదు, వాస్తవము. జొన్నరొట్టెయు, కారమును తప్ప మరేమియు దొరకని ఇండ్లనుండియే వారు వచ్చిరి.

నేడు ఆ వ్యాధి అరుదు. జొన్నతిండి తగ్గినది, 1983లో రెండు రూపాయల కిలో బియ్యపు పథకముతో పేదయింట వరియన్నము పెరిగినది. ఇప్పుడు పెల్లాగ్రా కనబడుచున్నది ఎక్కువగా మద్యమునకు బానిసలై అన్నము మానినవారిలో. అప్పుడప్పుడు క్షయకు ఐసోనియాజిడ్ మాత్రలు వాడుచు తిండి చాలనివారిలో. కావున ఇంట త్రాగుడు అలవాటు గలవాని చేతుల వెనుక చర్మము నల్లబడి పగిలినచో "ఎండకు కమిలినది" అని ఊరకుండరాదు. సకాలమున గుర్తించినచో నియాసిన్ ఇచ్చిన కొలదిరోజులకే నోటిపూతయు, మతి చలనమును తగ్గుముఖము పట్టుట వైద్యములో అరుదుగా కనబడు సంతోషములలో ఒకటి.

ఇంతమాత్రమున జొన్నను దూషింపవలదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా పాటించినప్పటినుండి పట్టణపువారు జొన్నరొట్టెను మరల వెదకికొని తినుచున్నారు, మంచిదే. ముప్పు జొన్నలో లేదు, జొన్న తప్ప మరేమియు లేకపోవుటలో ఉన్నది. మన పూర్వులు దానికి తోడుగా పల్లీల పచ్చడి చేసిరి. పల్లీలలో నియాసిన్ సమృద్ధిగా ఉన్నది. తాండూరు, జహీరాబాదు ప్రాంతపు రైతులు జొన్నచేల గట్లవెంట, సాళ్ల నడుమ కుసుమలు వేసిరి. ఆ ముండ్ల మొక్క పశువులకు కంచె, గింజ నూనెకు. కుసుమనూనెలో నూటికి 70 పాళ్లకు పైగా లినోలియిక్ ఆమ్లమే. ప్రొద్దుతిరుగుడులో సగమునకు పైగా, నువ్వుల మంచినూనెలో సుమారు 40 పాళ్లు, వేరుశనగలో 30 లోపు, కొబ్బరినూనెలో రెండు పాళ్ల మాత్రము. చేనిలోని పొందిక పళ్లెములోనికి వచ్చినంతకాలము చర్మమునకు లోటు లేకుండెను. రొట్టె నిలిచి, పచ్చడియు నూనెయు జారిపోయినపుడు చర్మము మొదట చెప్పినది.

ఇక తల్లులు సులువుగా గుర్తించుటకు కొన్ని ఆనవాళ్లు చెప్పెదము. చలికాలములో పిక్కలు, మడమలు, పెదవులు మాత్రమే పగిలి, ఎండకాలమున మానుచుండినచో అది గాలి పని, సబ్బు పని, ఆహారమును నిందింపనక్కరలేదు. నోటి మూలలు రెండును చీలి, నాలుక ఎఱ్ఱగా నునుపెక్కినచో 'బి' విటమినులు, తరచు ఇనుము కూడ తక్కువైనవని అనుమానింపవలెను. మోచేతుల, మోకాళ్ల మీది ముండ్లగరుకు సంగతి చెప్పితిమి. దానితోపాటు బిడ్డకు మసక చీకటిలో కన్ను కనబడకున్నచో 'ఏ' విటమిను లోపమే, ఆలసింపరాదు. ఒంటినిండ పొడితనము, అందుతోపాటు నీరసము, చలికి ఓర్వలేకుండుట, బరువు పెరుగుట ఉన్నచో థైరాయిడ్ గ్రంథిని పరీక్షింపించవలెను. ఎంత నూనె పూసినను అది తగ్గదు.

విటమిను మంచిదని మాత్రలు గుప్పెడు మ్రింగువారికి ఒక మాట. 'ఏ' విటమిను మితిమీరినచో అదియే పెదవులను పగిలించును, చర్మమును పొరలెత్తించును. ఆకుకూరలు, బొప్పాయి, క్యారెట్టు తినుటవలన ఆ ప్రమాదము లేదు. కాని ఆకుకూర ఉడికించిన నీటిని పారబోసి, నూనెచుక్క లేకుండ తినువారికి అందులోని పచ్చదనము ఒంటబట్టదు. దానిని రక్తములోనికి చేర్చుటకు కొంత క్రొవ్వు కావలెను. పెద్దలకు దినమునకు సుమారు 20 మొదలు 30 గ్రాముల నూనె చాలును. అంతకంటె ఎక్కువ పోసినచో చర్మమునకు మేలు లేదు, నడుమునకు కీడు. నీళ్లు బిందెలకొలది త్రాగినచో చర్మము మెత్తబడునను ప్రచారమును మేము నమ్మము. దాహము తీరువరకు త్రాగిన చాలును. తేమను నిలుపునది క్రొవ్వు పూత గాని కడుపులోని నీరు గాదు.

ఇప్పుడు బయటి సంగతి. హైదరాబాదు సముద్రమునకు దూరముగా, సుమారు 540 మీటర్ల ఎత్తున నున్న పీఠభూమి. కోస్తావారు ఇచ్చటికి కాపురము వచ్చిన మొదటి చలికాలమున "ఒళ్లంతయు తెల్లగా పేలిపోయినది" అని ఆశ్చర్యపడుదురు. గాలిలో తేమ తక్కువ. దానికి తోడు అనేకుల ఇండ్లలో బోరునీరు. ఆ కఠినజలములో సబ్బు సరిగా నురగ రాదు, చర్మముపై జిడ్డు తెట్టెగా నిలిచి మంట పుట్టించును. సబ్బు క్షారము, చర్మపు పైపూత స్వల్పముగా ఆమ్లగుణము గలది. సలసల కాగు నీటితో, రెండుమార్లు సబ్బు రుద్ది, కొబ్బరిపీచుతో తోమి స్నానము చేయుట యనగా వంతెన సున్నమును గీకి పోయుటయే. గోరువెచ్చని నీరు, పది నిమిషముల లోపు స్నానము, చంకలకు, గజ్జలకు, పాదములకు మాత్రము సబ్బు, తక్కిన ఒంటికి పలుచని పెసరపిండి; ఇది చాలును.

అన్నిటికంటె ముఖ్యమైనది, చాలమంది తప్పు చేయునది ఒకటి కలదు. మన ఇండ్లలో నూనె రాచుకొని తరువాత స్నానము చేసి, సున్నిపిండితో ఆ నూనెనంతయు వదలగొట్టుట ఆచారము. పండుగనాటికి అది చక్కని వేడుక. ఎండిన చర్మమునకు మాత్రము క్రమము తారుమారు కావలెను. స్నానమైన మూడు నాలుగు నిమిషములలో, తువాలుతో అద్దుకొని, చర్మము ఇంకను చెమ్మగా నుండగానే నూనె గాని వాసెలిన్ గాని పలుచగా పూయవలెను. పొడిచర్మముమీద పూసిన నూనె పొడితనమునే మూతవేయును. చెమ్మమీద పూసినది చెమ్మను మూతవేయును.

ఏ నూనె? పాతనగరమున జైతూన్ నూనెకు ఎంతో గౌరవము. ఆహారముగా అది శ్రేష్ఠమే. కాని 2013లో ఇంగ్లండున షెఫీల్డు పరిశోధకులు దానిని కొన్ని వారములు చర్మమునకు పూయించి చూడగా పైపూత బలహీనపడినది. ప్రొద్దుతిరుగుడు నూనె అట్లు చేయలేదు. ఆవనూనెయు ప్రయోగశాలలో చర్మమునకు కీడే చేసినది. 1974లో లాన్సెట్‌లోనే వెలువడిన ఒక విశేషము: క్రేగులు దెబ్బతిని ఆహారపు క్రొవ్వు ఒంటబట్టని రోగులకు ప్రొద్దుతిరుగుడు నూనెను చర్మముపై రుద్దగా లినోలియిక్ ఆమ్లము చర్మముగుండ లోనికి చేరి లోపము సవరించినది. ఢాకాలో నెలలు నిండక పుట్టిన శిశువులకు ఈ నూనె మెత్తగా రాయుటచే రక్తమునకు సోకు వ్యాధులు తగ్గినవని 2005లో ప్రకటించిరి. కొబ్బరినూనెలో ఆ ఆమ్లము అంతగా లేకున్నను పైమూతగా చక్కగా పనిచేయును. ఫిలిప్పీన్సులో 2004లో చేసిన పరీక్షలో అది ఖనిజతైలముతో సమానముగా నిలిచినది. కావున ఇంటిలో ఉన్న కొబ్బరినూనెయో, ప్రొద్దుతిరుగుడు నూనెయో, కుసుమనూనెయో చాలును. డబ్బు ఖరీదైన సీసాకు కాక, పళ్లెములోని గ్రుడ్డుకు వెచ్చింపుడు.

మడమలకు నూనె ఒక్కటి చాలదు. ఆ చర్మము మందము. సుశ్రుతుడు ఈ రోగమును 'పాదదారి' అని, ఎక్కువగా నడుచువారికి వచ్చునని చెప్పి, మైనము, నెయ్యి, గుగ్గిలము మొదలగువానితో లేపము వ్రాసెను. చార్మినారు దగ్గర నిజామియా తిబ్బీ వైద్యశాల పరిసరములలో యునానీ వైద్యులు 'కైరూతీ' అను మైనపు లేపమును ఎరుగుదురు. ఆ పేరు గ్రీకు భాషలో మైనపు మందునకున్న పేరునుండి వచ్చినది. ఆ దేశపు గాలెన్ వైద్యుడు మైనము, నూనె, పన్నీరు కలిపి చేసిన లేపమే నేటి కోల్డ్‌క్రీముకు తాత యందురు. సుశ్రుతుడును గాలెనును ఒకరినొకరు ఎరుగక యే మైనమువద్ద కలిసికొనిరి. ఇంట చేసికొనుటకు ఒక పాలు శుద్ధమైన తేనెమైనము, నాలుగు పాళ్లు నువ్వులనూనె. మైనపు గిన్నెను నీళ్లగిన్నెలో నిలిపి కరిగించి, దింపి, చల్లారువరకు కలుపవలెను. పొయ్యిమంటమీద నేరుగా పెట్టరాదు, అంటుకొనును.

రాత్రి పాదములను గోరువెచ్చని నీటిలో పావుగంట నాననిచ్చి, మెత్తబడిన తోలును గరుకురాతితో సున్నితముగా రుద్ది, అద్దుకొని, ఈ లేపము పూసి, నూలు మేజోళ్లు తొడుగవలెను. బ్లేడుతో కోయరాదు. నిమ్మరసము, సున్నము, సైకిలు గ్రీజు, ఇవన్నియు మేము పాదములపై చూచితిమి, వలదు. దుకాణములలో యూరియా కలిపిన క్రీము దొరకును, మంచిది. అయితే అది పొలములో చల్లు యూరియాయేనని తెలిసి ఒక రైతు బస్తానుండి తీసి పూసికొని, పుండ్లతో మావద్దకు వచ్చెను. పదార్థమొకటే, పాళము వేరు. పదునైదు రోజులు విడువక చేసినచో నెరియలు మూతబడుట మొదలగును. వెనుక మూసిన చెప్పులు మరువరాదు.

ఇప్పుడు మొదట ఆపిన కథ. వాసెలిన్ ఇచ్చిన రెండు నెలలకు మేము మరల పురానాపూల్‌కు పోతిమి. ఆమె పట్టా లేదు. ప్రక్కన ఉల్లిగడ్డలు అమ్మునామె, "కాలు ఖరాబయింది సారూ, ఇంటికాడనే ఉంటుంది" అన్నది. ఇల్లు వెదకికొని పోతిమి. కుడిమడమ పగులులో చిన్న గులకరాయి దూరి, అడుగున చీము పట్టి, పుండు అంగుళము లోతు దిగియున్నది. ఎట్లు నడిచితివని అడిగితిమి. "నొప్పి లేదు గద సారూ" అన్నది. మొదటినాడు చెప్పిన మాటయే. అంత పగిలిన మడమ నొప్పిలేదనుట శుభవార్త కాదు, హెచ్చరిక. ఆ మాట మా చెవిని బడెను గాని బుద్ధికెక్కలేదు. రక్తపరీక్షలో చక్కెర విపరీతముగా నున్నది. మధుమేహము పాదముల నరములను ఎప్పుడో మొద్దుబార్చినది, చెమటపట్టుట తగ్గి చర్మము ఎండినది, ఎండి పగిలినది, పగిలిన సంగతి ఆమెకు తెలియనే లేదు. మేము ఆమెను తిండి అడుగలేదు, పాదము ముట్టి స్పర్శ చూడలేదు, డబ్బి మాత్రము ఇచ్చితిమి.

స్పర్శ చచ్చిన పాదము మధుమేహములోనే కాదు, కుష్ఠువ్యాధిలోను కలుగును. ఆ రోగులకు నేర్పు నిత్యకృత్యమును ఇదే: నానబెట్టుట, రుద్దుట, నూనె పూయుట, కన్నులతో వెదకుట. కాని ఒక జాగ్రత్త. తిమ్మిరి గల పాదమునకు నీరు ఎంత వేడియో తెలియదు. మోచేతితో గాని, ఇంటిలో మరొకరి చేతితో గాని చూచిన పిమ్మటనే కాలు ముంచవలెను. వేడినీటిలో కాళ్లు కాల్చుకొని వచ్చిన మధుమేహరోగులను మేము ప్రతి చలికాలమున చూచుచున్నాము. వ్రేళ్ల సందులలో లేపము పూయరాదు. అచ్చట చెమ్మ నిలిచినచో పాచిపుండు పట్టును.

ఆమె కాలు నిలిచినది. మూడు నెలలు అంగడి పోయినది, అప్పు మిగిలినది. తిండి సంగతి అడిగినపుడు తెలిసినది: తెల్లవారుజామున కూరగాయల మూట దింపినది మొదలు సాయంకాలము నాలుగు వరకు చాయి, బిస్కెట్టు, మరల చాయి. చుట్టును గోంగూర, తోటకూర, మెంతికూర. తాను తినునది మాత్రము రాత్రి అన్నము, పలుచని చారు. అమ్ముడుపోక వాడినది ఆవులకు వేయుచుండెను. ఇప్పుడు ఉదయము రొట్టె, పల్లీల పచ్చడి ముల్లెకట్టి తెచ్చుకొనుచున్నది. వాడిన కూరలో సగము ఇంటికి పోవుచున్నది. వారమునకు నాలుగు గ్రుడ్లు. చాయిలో చక్కెర మానుటకు మాత్రము మాతో ఇంకను పోరాడుచున్నది.

పడుకొనుబోవు ముందు మనుమరాలు ఫోను దీపము వేసి ఆమె అరికాళ్లు రెండును చూచును. మొన్న ఎడమ మడమలో సగము అంగుళము తుమ్మముల్లు దొరికినదట. ఎప్పుడు గ్రుచ్చుకొన్నదో ఆమెకు తెలియదు.